మీ కంప్యూటర్‌లో ఉన్నది ఏ రకం ర్యామ్? ఇన్‌స్టాల్ చేయకుండానే, మూత విప్పకుండానే తెలుసుకోవడం ఎలా

“ర్యామ్ పెంచుకోవాలి, నాది డీడీఆర్3నా, డీడీఆర్4నా?” “టాస్క్ మేనేజర్‌లో 1600 అని ఉంది, అది ఏ రకం?” “2400 అని కొన్నాను, సీపీయూ-జెడ్‌లో 1197 చూపిస్తోంది, మోసపోయానా?” తిరిగి తిరిగి వచ్చేవి ఈ మూడు ప్రశ్నలే. మూడింటికీ జవాబు సీపీయూ-జెడ్ అనే కొన్ని ఎంబీల చిన్న ప్రోగ్రామ్‌తో దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఏ కంప్యూటర్ దగ్గరికైనా తీసుకెళ్లొచ్చు, పని అయ్యాక ఫోల్డర్ తీసేస్తే చాలు.

సిద్ధాంతం ఎక్కువ అక్కర్లేదు కానీ ఒక్క విషయం తెలియకపోతే తప్పుతారు. ర్యామ్ గురించిన సమాచారం కంప్యూటర్‌లో రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, ర్యామ్ మాడ్యూల్ (స్లాట్‌లో పెట్టే ర్యామ్ పలక) మీదే ఉండే చిన్న చిప్. అందులో తయారీదారు రాసిన వివరాలను ఎస్‌పీడీ అంటారు. రెండోది, కంప్యూటర్ ఆన్ అయినప్పుడు బయాస్ (విండోస్ కన్నా ముందే మొదలయ్యే, బోర్డులోని ప్రోగ్రామ్) తయారుచేసుకునే పట్టిక. దాన్ని ఎస్‌ఎంబయాస్ లేదా డీఎంఐ అంటారు. మొదటిది మాడ్యూల్ తన గురించి తాను చెప్పుకునేది, రెండోది దాని గురించి బయాస్ చెప్పేది. బయాస్ పట్టిక చాలాసార్లు సరిగానే ఉంటుంది కానీ, నాసిరకం బోర్డుల్లో సగం గడులు ఖాళీగానో, ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అనో కనిపిస్తాయి. కాబట్టి రెండు వేర్వేరు ప్రోగ్రాముల్లో చూసి “రెండూ ఒకటే చెప్పాయి” అనుకుంటే సరిపోదు. ఆ రెండూ ఒకే పట్టికను చదివి ఉండొచ్చు. చూడాల్సింది రెండు చోట్ల.

తెలుసుకోవాల్సినవి

డీడీఆర్ నంబర్ ఒక్కటే తెలిస్తే సరిపోతుందనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. కొనేముందు ఇవన్నీ కాగితం మీద ఉండాలి:

- తరం: డీడీఆర్2, 3, 4, 5లలో ఏది
- ఆకారం: డెస్క్‌టాప్‌కు డిమ్, ల్యాప్‌టాప్‌కు సోడిమ్ (కొన్ని బుల్లి డెస్క్‌టాప్‌లలో, ఆల్-ఇన్-వన్‌లలో కూడా సోడిమ్ ఉంటుంది)
- వోల్టేజ్: డీడీఆర్3 అయితే ఇది తప్పనిసరి, మిగతావాటికి అంత పట్టింపు లేదు
- ర్యామ్ విడిగా తీయగలిగేదా, బోర్డుకే అతికించినదా
- సర్వర్, వర్క్‌స్టేషన్ అయితే ఈసీసీ (డేటాలో తప్పులను పట్టి సరిదిద్దే ఏర్పాటు) ఉందా, సర్వర్ల కోసం చేసే రిజిస్టర్డ్ రకమా

కావలసినవి

- సీపీయూ-జెడ్, జిప్ రూపంలో ఉన్నది. సీపీయూఐడీ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో ‘సెటప్’, ‘జిప్’ అని రెండు ఉంటాయి. మీకు కావలసింది జిప్.
- హెచ్‌డబ్ల్యూఇన్ఫో పోర్టబుల్. దీని సైజు కాస్త ఎక్కువ, వివరాలూ ఎక్కువే. సీపీయూ-జెడ్ ఖాళీ గడులు చూపించినప్పుడు ఇది పనికొస్తుంది.
- ఖాళీ పెన్‌డ్రైవ్. పాతదైనా, చిన్నదైనా ఫర్వాలేదు.
- అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న లాగిన్. ఇది లేకపోతే 3వ మెట్టులో ఉన్న దారి పట్టండి.
- విండోస్ అసలు తెరుచుకోని మెషీన్ అయితే మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) లేదా ఏదైనా లైవ్ లినక్స్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) ఉన్న మరో పెన్‌డ్రైవ్.

డబ్బులు కట్టే డయాగ్నొస్టిక్ సూట్‌లు ఈ పనికి అనవసరం. ‘డ్రైవర్ అప్‌డేటర్’ అంటూ ర్యామ్ రకం కూడా చూపిస్తామనే ప్రోగ్రాముల జోలికి అసలు వెళ్లొద్దు. అలాగే ఎస్‌పీడీని చదవడంతోపాటు దాని మీద రాయగలిగే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి, థైఫూన్ బర్నర్ అలాంటిదే. చదవడానికి అది బాగానే పనిచేస్తుంది. కానీ పొరపాటున రైట్ బటన్ నొక్కి ఎస్‌పీడీ చెడగొడితే ఆ మాడ్యూల్‌తో కంప్యూటర్ ఆన్ కాకపోవచ్చు. రకం తెలుసుకోవడానికి అంత రిస్క్ దేనికి?

మెట్టు 1: డౌన్‌లోడ్, సరిచూడటం

సెర్చ్ ఇంజిన్‌లో పేరు కొడితే పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కకండి. 2023లో సీపీయూ-జెడ్ పేరుతోనే నకిలీ సైటు పెట్టి, సెర్చ్ ప్రకటనల ద్వారా మాల్వేర్ పంచిన ఉదంతం బయటపడింది. తయారీదారు సైట్ నుంచే దించుకోండి.

దించాక జిప్‌ను ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. జిప్ లోపలే డబుల్ క్లిక్ చేసి నడిపితే ప్రోగ్రామ్ తన పక్కన ఉండాల్సిన ఫైళ్లు దొరక్క తప్పుగా ప్రవర్తించవచ్చు. తర్వాత ఎక్స్ఈ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’లో ‘డిజిటల్ సిగ్నేచర్స్’ ట్యాబ్ చూడండి. ఆ ట్యాబే లేకపోయినా, సంతకం చెల్లదని వచ్చినా ఆ ఫైల్ తీసేయండి. ఈ పనికి అర నిమిషం చాలు. పెన్‌డ్రైవ్ పట్టుకుని పది కంప్యూటర్లు తిరిగేవాళ్లు దీన్ని అసలు మానకూడదు, ఎందుకంటే నకిలీ ఫైల్ పదింటికీ అంటుకుంటుంది.

జిప్‌లో రెండు ఎక్స్ఈలు ఉంటాయి: ఎక్స్32, ఎక్స్64. 64 బిట్ విండోస్‌కు రెండోది, 32 బిట్‌కు మొదటిది.

మెట్టు 2: సీపీయూ-జెడ్‌లో చూడటం

1. నడుస్తున్న ఆర్‌జీబీ లైట్ల ప్రోగ్రాములు, ఫ్యాన్ కంట్రోల్, ఇతర హార్డ్‌వేర్ మానిటర్లు మూసేయండి. ఇవన్నీ ఒకే ఎస్ఎంబస్ తీగ మీద ర్యామ్‌తో మాట్లాడతాయి. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే తప్పు విలువలు రావొచ్చు, స్లాట్లు మాయమూ కావచ్చు.

2. ఎక్స్ఈ మీద రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కండి.

3. ‘మెమరీ’ ట్యాబ్‌కు వెళ్లండి. పైన ‘టైప్’ గడిలో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5, ఎల్‌పీడీడీఆర్4 (ఎల్‌పీ అంటే తక్కువ విద్యుత్‌తో నడిచే రకం) లాంటిది కనిపిస్తుంది. ఇది మెమరీ కంట్రోలర్‌ను అడిగి చెప్పే మాట, అంటే ప్రస్తుతం ర్యామ్ నిజంగా ఏ రకంగా నడుస్తోందన్నది.

4. అదే ట్యాబ్‌లో కింద ‘డ్రామ్ ఫ్రీక్వెన్సీ’ ఉంటుంది. దాన్ని 2తో గుణించండి. డీడీఆర్ అంటేనే ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపడం. 798 అంటే 1600, 1197 అంటే 2400, 1330 అంటే 2666, 1596 అంటే 3200. మొదట్లో అడిగిన మూడో ప్రశ్నకు ఇదే జవాబు, ఎవరూ మోసం చేయలేదు.

5. ‘ఎస్‌పీడీ’ ట్యాబ్‌కు వెళ్లి ఎడమవైపు ‘స్లాట్ #1’ దగ్గర్నుంచి ఒక్కొక్కటీ ఎంచుకుని చూడండి. రకం, సైజు, తయారీదారు, పార్ట్ నంబర్, చాలాసార్లు తయారైన వారం, సంవత్సరం కూడా ఉంటాయి. పార్ట్ నంబర్ తప్పకుండా రాసుకోండి. మిగతావన్నీ తప్పిపోయినా అదొక్కటి ఉంటే తయారీదారు డేటాషీట్‌లో అన్నీ దొరుకుతాయి.

6. ఎస్‌పీడీ ట్యాబ్‌లో కింద ఉండే టైమింగ్స్ పట్టికలో చివరి వరుస వోల్టేజ్. డీడీఆర్3 వాళ్లు ఇక్కడ ఆగి చూడాలి. 1.50 అయితే మామూలు డీడీఆర్3. 1.35 అయితే సాధారణంగా డీడీఆర్3ఎల్. అయితే ఎక్స్‌ఎంపీ అని ఉన్న నిలువు వరుసను లెక్కలోకి తీసుకోకండి, అది ఓవర్‌క్లాక్ (మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడపడం) కోసం ఇచ్చే వోల్టేజ్.

7. ‘టూల్స్’ బటన్ పక్కన బాణం నొక్కి టీఎక్స్‌టీ రిపోర్ట్ సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఎవరినైనా సలహా అడిగేటప్పుడు స్క్రీన్ ఫోటో కన్నా ఈ ఫైలే మేలు. ఎస్‌పీడీ సమాచారం, డీఎంఐ సమాచారం రెండూ అందులో విడివిడిగా ఉంటాయి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ‘ఛానెల్’ గడి దగ్గర. డీడీఆర్5లో ఒక్కో మాడ్యూల్‌లో 32 బిట్ల చొప్పున రెండు ఛానెళ్లు (డేటా వెళ్లే దారులు) ఉంటాయి. అందుకే రెండు మాడ్యూళ్లున్నా ‘4 x 32-బిట్’ అనో ‘క్వాడ్’ అనో కనిపిస్తుంది. నాలుగు మాడ్యూళ్లున్నాయని కాదు.

ఎస్‌పీడీ ట్యాబ్‌లోని స్లాట్ నంబర్లు బోర్డు మీద అచ్చేసిన నంబర్లతో కలవాలనేమీ లేదు. ‘స్లాట్ #2 ఖాళీ’ అని చూసి బోర్డు మీద రెండోదే ఖాళీ అనుకోవద్దు. ఎన్ని ఖాళీగా ఉన్నాయో మాత్రం లెక్కపెట్టుకోండి.

మెట్టు 3: విండోస్‌ను అడగటం

ఇప్పుడు రెండో చోటు, బయాస్ పట్టిక. దీనికి ఏ డౌన్‌లోడూ అక్కర్లేదు, అడ్మినిస్ట్రేటర్ హక్కులూ అక్కర్లేదు. ఆఫీసు కంప్యూటర్‌లో బయటి ప్రోగ్రాములు నడపనివ్వకపోతే ఇదే దారి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. ‘పెర్ఫార్మెన్స్’లో ‘మెమరీ’ ఎంచుకుంటే వేగం, ఎన్ని స్లాట్లు వాడకంలో ఉన్నాయి, ఆకారం ఏమిటి అన్నవి కనిపిస్తాయి. డీడీఆర్ రకం మాత్రం చాలా మెషీన్లలో ఇక్కడ ఉండదు. వేగాన్ని చూసి రకం ఊహించొద్దు. 1600 డీడీఆర్3లోనూ ఉంది, డీడీఆర్4 కిందిమెట్టు కూడా అదే. 2133 కూడా రెండింట్లోనూ ఉంది. 1066 అంటే డీడీఆర్3 అయ్యే అవకాశమే ఎక్కువ, కానీ డీడీఆర్2-1066 మాడ్యూళ్లు కూడా అమ్మారు. 4800 పైన కనిపిస్తే డీడీఆర్5 అని గట్టిగానే అనుకోవచ్చు కానీ, ఓవర్‌క్లాక్ చేసిన డీడీఆర్4 కూడా అక్కడికి చేరగలదు.

కచ్చితంగా తెలియాలంటే పవర్‌షెల్ తెరిచి ‘గెట్-సిమ్‌ఇన్‌స్టన్స్’ (Get-CimInstance) కమాండ్‌తో ‘విన్32_ఫిజికల్‌మెమరీ’ని (Win32_PhysicalMemory) అడగండి. చివర పైపు గుర్తు పెట్టి ‘ఫార్మాట్-లిస్ట్’ (Format-List) రాసి, ఖాళీ వదిలి నక్షత్రం గుర్తు పెడితే అన్ని గడులూ వస్తాయి. టైప్ చేసేటప్పుడు ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో హైఫన్, అండర్‌స్కోర్ ఇక్కడ ఉన్నట్టే ఉండాలి. వచ్చిన జాబితాలో ‘ఎస్‌ఎంబయాస్ మెమరీ టైప్’ అనే గడిలో ఒక అంకె ఉంటుంది:

18 – డీడీఆర్
19 – డీడీఆర్2
24 – డీడీఆర్3
26 – డీడీఆర్4
29 – ఎల్‌పీడీడీఆర్3
30 – ఎల్‌పీడీడీఆర్4
34 – డీడీఆర్5
35 – ఎల్‌పీడీడీఆర్5

దాని దగ్గర్లోనే ఉట్టి ‘మెమరీ టైప్’ అనే ఇంకో గడి ఉంటుంది. దాన్ని చూసి చాలామంది తికమక పడతారు, ఎందుకంటే కొత్త మెషీన్లలో అది 0 చూపిస్తుంది. వదిలేయండి. ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ గడిలో 8 ఉంటే డిమ్, 12 ఉంటే సోడిమ్. విండోస్ 10 కన్నా పాత వెర్షన్లలో ‘ఎస్‌ఎంబయాస్ మెమరీ టైప్’ గడే ఉండదు, అక్కడ సీపీయూ-జెడ్ మీద ఆధారపడటమే మంచిది.

పాత సలహాల్లో డబ్ల్యూఎంఐసీ అనే కమాండ్ చెబుతుంటారు. కొత్త విండోస్ 11లో అది లేకపోవచ్చు, మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టేసింది. కమాండ్ దొరకలేదని వస్తే మీ తప్పు కాదు, పవర్‌షెల్‌నే వాడండి. ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’, డీఎక్స్‌డయాగ్ కూడా ర్యామ్ సైజు చెబుతాయే తప్ప రకం చెప్పవు. వాటిలో వెతికి సమయం పోగొట్టుకోకండి.

సీపీయూ-జెడ్ చెప్పిన రకం, ఈ అంకె చెప్పిన రకం ఒకటే అయితే తరం ఖాయం. తేడా వస్తే సీపీయూ-జెడ్ ‘మెమరీ’ ట్యాబ్‌నే నమ్మండి, తర్వాత 6వ మెట్టులో చెప్పినట్టు మాడ్యూల్ లేబుల్ చూడండి.

మెట్టు 4: ఎస్‌పీడీ ట్యాబ్ ఖాళీగా వస్తే

అన్నిటికన్నా ఎక్కువమంది ఆగిపోయే చోటు ఇదే. కారణాలు వరుసగా చూసుకుంటూ వెళ్లండి.

అడ్మినిస్ట్రేటర్‌గా నడపలేదు. ముందు అదే చూడండి.

ప్రోగ్రామ్ వెర్షన్ పాతది. రెండేళ్ల కిందట పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నది కొత్త బోర్డును గుర్తించలేదు. పైగా హార్డ్‌వేర్‌ను నేరుగా తాకే పాత డ్రైవర్లను విండోస్ ఇప్పుడు అడ్డుకుంటోంది. విండోస్ 11లో ‘కోర్ ఐసొలేషన్’ కింద ‘మెమరీ ఇంటెగ్రిటీ’ ఆన్‌లో ఉంటే ఇది మరీ ఎక్కువ. కొత్త వెర్షన్ దించుకుంటే చాలావరకు తీరిపోతుంది. ర్యామ్ రకం చూడటం కోసం ఆ రక్షణను ఆపేయమని కొందరు చెబుతుంటారు. ఆపకండి. 3వ మెట్టు దారి ఉండగా ఆ అవసరమే లేదు.

వర్చువల్ మెషీన్‌లో నడుపుతున్నారు. అందులో కనిపించేది ఊహా హార్డ్‌వేర్, అసలు మెషీన్ మీద నడపాలి.

ర్యామ్ బోర్డుకు అతికించి ఉంది. పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. మెమరీ ట్యాబ్‌లో ‘ఎల్‌పీడీడీఆర్’ అని కనిపించినా, టాస్క్ మేనేజర్‌లో ఆకారం దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉన్నా దాదాపు ఇదే సంగతి. ఇలాంటి మెషీన్లలో టాస్క్ మేనేజర్ ‘8లో 8 స్లాట్లు వాడకంలో ఉన్నాయి’ అని కూడా చూపించగలదు. అవి స్లాట్లు కావు, చిప్‌ల లెక్క. కొన్ని మోడళ్లలో కొంత ర్యామ్ అతికించి, పక్కన ఒక సోడిమ్ స్లాట్ ఇస్తారు. అందుకని అంకెలు చూసి నిర్ణయానికి రాకుండా మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో మెమరీ పేజీ చూడండి.

ఇవేవీ కాకపోతే సీపీయూ-జెడ్ మూసేసి హెచ్‌డబ్ల్యూఇన్ఫో నడపండి. మొదలయ్యేటప్పుడు ‘సమ్మరీ ఓన్లీ’ టిక్ తీసేసి స్టార్ట్ నొక్కండి. ఎడమవైపు చెట్టులో ‘మెమరీ’ కింద ప్రతి మాడ్యూల్ విడిగా వస్తుంది. మాడ్యూల్ రకం, ఈసీసీ ఉందా లేదా, ఏయే వోల్టేజ్‌లకు పనికొస్తుంది అన్నవి సీపీయూ-జెడ్ కన్నా ఇక్కడ స్పష్టంగా ఉంటాయి. డీడీఆర్3ఎల్ విషయంలో అనుమానం తీరకపోతే నేరుగా ఇక్కడికే రావచ్చు.

మెట్టు 5: విండోస్ లేకపోతే

లినక్స్‌లో డీఎంఐడీకోడ్‌ను ‘సుడో’తో నడిపి, చివర హైఫన్ టీ, ఖాళీ, 17 ఇవ్వండి. 17 అంటే బయాస్ పట్టికలో మెమరీ మాడ్యూళ్ల విభాగం. ‘టైప్’, ‘ఫార్మ్ ఫ్యాక్టర్’, ‘పార్ట్ నంబర్’ నేరుగా మాటల్లోనే వస్తాయి, అంకెలు విప్పుకోనక్కర్లేదు. ‘టోటల్ విడ్త్’ 72, ‘డేటా విడ్త్’ 64 అని ఉంటే ఈసీసీ మెమరీ. రెండూ 64 అయితే మామూలుది. ఇదీ బయాస్ మాటే కాబట్టి ఎస్‌పీడీని చదవాలంటే ఐ2సీ-టూల్స్ ప్యాకేజీలో ఉండే డీకోడ్-డిమ్స్ వాడాలి. డీడీఆర్4కు ఈఈ1004, డీడీఆర్5కు ఎస్‌పీడీ5118 అనే కెర్నల్ మాడ్యూల్ లోడ్ అయి ఉంటేనే అది పనిచేస్తుంది. ఖాళీగా వస్తే ముందు అది చూడండి.

హార్డ్ డిస్క్ పోయిందో, విండోస్ చెడిందో అయితే మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. 6వ వెర్షన్ నుంచి ఇది యూఈఎఫ్ఐ (కొత్త రకం బయాస్) మెషీన్లలో పనిచేస్తుంది, తెర మీద మాడ్యూళ్ల ఎస్‌పీడీ వివరాలూ చూపిస్తుంది. బూట్ కాకపోతే బయాస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రాములతో బూట్ కానివ్వని రక్షణ) కాసేపు ఆపాల్సి రావొచ్చు. విండోస్ డిస్క్‌కు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ రక్షణ) ఉంటే ఆ సెట్టింగ్ ముట్టుకునే ముందు రికవరీ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ర్యామ్ సంగతి తేలి డిస్క్ తాళం పడుతుంది.

మెట్టు 6: లేబుల్‌తో సరిపోల్చడం

డెస్క్‌టాప్ అయితే మూత తీయడం రెండు నిమిషాల పని, చూడటమే మంచిది. కంప్యూటర్ ఆపి, కరెంటు తీగ పీకి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా విడదీసి, లోహపు భాగాన్ని ఒకసారి తాకి స్థిర విద్యుత్ పోగొట్టుకున్నాకే మాడ్యూల్ ముట్టండి. అంచులు పట్టుకోండి, బంగారు రంగు పిన్నులను తాకకండి.

లేబుల్ మీద ‘పీసీ’ తర్వాత వచ్చే అంకె తరం: పీసీ2, పీసీ3, పీసీ4, పీసీ5. పీసీ3ఎల్ అంటే తక్కువ వోల్టేజ్ రకం. ఆ తర్వాతి పెద్ద అంకె సెకనుకు ఎన్ని మెగాబైట్లో చెబుతుంది, దాన్ని 8తో భాగిస్తే వేగం. పీసీ3-12800 అంటే 1600, పీసీ4-25600 అంటే 3200, పీసీ5-38400 అంటే 4800. డీడీఆర్4 లేబుళ్లలో చాలావాటి మీద పీసీ4-2400టీ లాగా నేరుగా వేగమే రాస్తారు, అప్పుడు భాగించకూడదు. పీసీ3ఎల్-12800ఎస్ లాంటి దాంట్లో చివరి ‘ఎస్’ సోడిమ్‌ను సూచిస్తుంది.

లేబుల్ ఊడిపోతే పిన్నుల లెక్క, గాడి స్థానం చూడాలి. డెస్క్‌టాప్ డిమ్‌లలో మొదటి తరం డీడీఆర్‌కు 184 పిన్నులు, డీడీఆర్2, డీడీఆర్3లకు 240, డీడీఆర్4, డీడీఆర్5లకు 288. సోడిమ్‌లలో డీడీఆర్2కు 200, డీడీఆర్3కు 204, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262. పిన్నులు సమానంగా ఉన్నచోట గాడి వేరే చోట ఉంటుంది. అందుకే ఒక తరం మాడ్యూల్ మరో తరం స్లాట్‌లో దిగదు. దిగట్లేదంటే నొక్కకండి. గాడి కలవట్లేదంటే తరం తప్పు, లేదా తిరగేసి పెడుతున్నారు.

కొనేముందు పడే తప్పులు

ప్రాసెసర్ పేరు చూసి ర్యామ్ రకం తేల్చేయడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్లు డీడీఆర్4తోనూ డీడీఆర్3ఎల్‌తోనూ పనిచేస్తాయి. 12వ తరం డీడీఆర్4, డీడీఆర్5 రెండింటితోనూ పనిచేస్తుంది. ఏది ఉంటుందో నిర్ణయించేది బోర్డు. ఏఎండీ వైపు కొంత నయం: ఏఎం4 సాకెట్ అయితే డీడీఆర్4, ఏఎం5 అయితే డీడీఆర్5.

డీడీఆర్3, డీడీఆర్3ఎల్ ఒకటేననుకోవడం రెండోది. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాడ్యూల్ 1.5 వోల్టులతోనూ నడుస్తుంది. కానీ 1.35 మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టుల డీడీఆర్3 పెడితే తెర నల్లగా ఉండిపోతుంది, గాడి మాత్రం చక్కగా కలుస్తుంది. ఇంటెల్ 4వ తరం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లైతే డీడీఆర్3ఎల్‌నే తీసుకోండి. పాత మెషీన్‌కైనా అనుమానం ఉంటే అదే తీసుకోండి, రెండు వైపులా సరిపోతుంది.

నడుస్తున్న వేగాన్ని మాడ్యూల్ అసలు వేగమనుకోవడం మరొకటి. 3200 అని కొన్నది 2133లో నడుస్తుంటే మాడ్యూల్ నకిలీ అని కాదు. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (మాడ్యూల్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోయి ఉండొచ్చు, లేదా పక్కన ఉన్న నెమ్మది మాడ్యూల్ దాన్ని వెనక్కి లాగుతూ ఉండొచ్చు. ప్రాసెసర్ పరిమితి కూడా ఉంటుంది.

ఇక సర్వర్ల నుంచి తీసిన చవక మాడ్యూళ్లు. రిజిస్టర్డ్ రకం మాడ్యూల్ మామూలు డెస్క్‌టాప్‌లో పనిచేయదు. డీడీఆర్4 వరకు స్లాట్‌లో మాత్రం చక్కగా దిగుతుంది, మోసం అక్కడే. పార్ట్ నంబర్ డేటాషీట్‌లో ‘ఆర్‌డిమ్’ అని ఉంటే వదిలేయండి, ‘యూడిమ్’ కావాలి. డీడీఆర్5 ప్రకటనల్లో కనిపించే ‘ఆన్-డై ఈసీసీ’ని చూసి సర్వర్ ఈసీసీ అని కూడా అనుకోవద్దు, అది చిప్ లోపలి సర్దుబాటు మాత్రమే.

గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందో చెప్పే గడి ప్రోగ్రాముల్లో కనిపిస్తుంది. బయాస్ రాసిన ఆ అంకె చాలా మెషీన్లలో నిజం కాదు. బోర్డు లేదా ల్యాప్‌టాప్ తయారీదారు పేజీలో ఉన్నదే లెక్క.

మెట్టు 7: కొత్త మాడ్యూల్ పెట్టాక

పాత రిపోర్ట్ పెన్‌డ్రైవ్‌లో ఉంది కదా, కొత్త మాడ్యూల్ పెట్టి సీపీయూ-జెడ్ మళ్లీ నడిపి రెండో రిపోర్ట్ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి సైజు, స్లాట్ల సంఖ్య, వోల్టేజ్ చూడండి. మొత్తం సైజు పెరగకపోతే మాడ్యూల్‌ను తీసి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా మళ్లీ నొక్కి పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే ఏటవాలుగా పూర్తిగా దూర్చాకే కిందికి వంచాలి. సగం దూరి వంగినవే ఎక్కువ కనిపిస్తాయి. ఎస్‌పీడీలో 8 జీబీ కనిపిస్తూ విండోస్ మాత్రం సుమారు 3 జీబీనే వాడుతుంటే మీది 32 బిట్ విండోస్, ర్యామ్ తప్పేమీ లేదు.

డీడీఆర్5 మెషీన్ అయితే కొత్త మాడ్యూల్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. బోర్డు ఆ సమయంలో ర్యామ్‌ను పరీక్షిస్తూ టైమింగ్‌లు సర్దుకుంటుంది. భయపడి మధ్యలో పవర్ బటన్ నొక్కితే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాలు ఆగి, అప్పటికీ తెర రాకపోతేనే ఆపి, ఒక్క మాడ్యూల్‌తో ప్రయత్నించండి.